పుట్టగొడుగును గుర్తించుట

తెలుగున ఈ జాతి కంతటికిని వాడుకలోనున్న పేరు పుట్టగొడుగు. పుట్టమీద లేచిన గొడుగు గనుక పుట్టగొడుగు. అయినను పేడకుప్పమీద మొలచినదియు, కుళ్లిన మ్రానుమీద మొలచినదియు, పెరటి పచ్చికలో మొలచినదియు మన నోట పుట్టగొడుగే యగుచున్నది. ఒక్క రకమునకు సరిపోవు పేరును నూరు రకములకు తగిలించితిమి. ఆ ఒక్క రకము నేటికిని మన అడవులలోను, చేలగట్లమీదను దొరకుచున్నది. చెదల గూటినుండి తప్ప మరెక్కడినుండియు అది పుట్టదు. ఎరిగి తినువారికి అది వానకాలపు విందు. దానిని పోలిన మరియొకటి గంపలో చేరినచో ఇల్లంతయు ఆసుపత్రి చేరవలసివచ్చును. ఈ రెంటికిని గల భేదమును విద్యార్థులకును, వారి మూలమున తల్లిదండ్రులకును తెలుపుటకే ఈ వ్యాసము.

ముందుగా పేర్లనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. మన బాలబాలికలు ఇంటిలో తెలుగును, వీథిలో మరియొక భాషను మాటలాడుచు పెరుగుచున్నారు. ఒడిశాలోనివారు సంతలో దీనిని ఛతు అనగా విందురు. తమిళనాట కాళాన్ అనియు, కన్నడసీమలో అణబె అనియు, మహారాష్ట్రమున అళంబి అనియు వినబడును. ఈ మాటలన్నియు మన పుట్టగొడుగువలెనే మంచిదానికిని చెడ్డదానికిని చెల్లుచున్నవి. తెలుగులోనే కుక్కగొడుగు అను మాటయొకటి కలదు. కొన్నియూళ్లలో అది తినరానివానికి పేరు. మరికొన్నియూళ్లలో పుట్టగొడుగునకు మారుమాట మాత్రమే. బరంపురపు అంగళ్లలో పాళ ఛతు అను పేరున అమ్మునది వరిగడ్డిమీద సాగుచేసినది. అడవిలో పుట్టనుండి లేచుదానికిని దానికిని సంబంధము లేదు. కాబట్టి ఒక భాషలో విన్న పేరును మరియొక భాషలోనికి మార్చుకొని, దానిని నమ్మి, వస్తువును వండుకొనుట అపాయకరము.

ఇది ఊహించి చెప్పుచున్న భయము కాదు. ఆగ్నేయాసియానుండి అమెరికాకు వలసవెళ్లిన కుటుంబములవారు కొందరు, తమ దేశమున తిను వరిగడ్డి పుట్టగొడుగు ఇదియేయని భ్రమపడి, అక్కడి అడవులలోని అమనిటా అను విషజాతిని తిని ప్రాణాపాయమున పడినట్లు వైద్యులు వ్రాసియున్నారు. లేతదశలో రెండును గ్రుడ్డువలె సంచిలో నుండును. కంటికి ఒక్కటిగానే తోచును. వారు నేర్చిన గుర్తు తప్పు కాదు, అది వారి పాత ఊరికి సరిపోయిన గుర్తు. మన దేశముననే 2022 ఏప్రిల్ నెలలో అస్సాములో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించిరి. వారిలో పలువురు తేయాకు తోటలలోని కుటుంబములవారు. ఆ తోటలలో నివసించు అనేకుల పూర్వికులు ఛోటానాగపూరు, ఒడిశా, తెలుగు జిల్లాలనుండి పనికై వెళ్లి అక్కడ స్థిరపడినవారే.

ఇక అసలు పుట్టగొడుగు సంగతి. దాని గుర్తులన్నియు అది పుట్టు చోటును బట్టి యేర్పడినవి. అందుచే ఆ చోటును కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది.

పుట్టను చీమలు పెట్టునని వాడుక. నిజమునకు అది చెదల కట్టడము. చెదకు చీమతో చుట్టరికము లేదు. జీవశాస్త్రము ననుసరించి అది బొద్దింకకు దగ్గర బంధువు. నాగులచవితినాడు మన స్త్రీలు పాలుపోయు పుట్టలు సైతము చెదలు కట్టినవే. పాము అందులో తరువాత చేరిన అద్దెదారు. చెదలలో అనేక జాతులు కలవు. వానిలో ఒక వర్గమువారిని వ్యవసాయదారులనవలెను. మన దేశమున పుట్టలు పెట్టు ఒడాంటోటెర్మిస్ అను చెదలు ఈ వర్గములోనివి.

ఈ చెదలు ఎండుటాకులను, పుల్లలను, గడ్డిని, కలపను కొరికి గూటిలోనికి చేర్చును. కలపలోని లిగ్నిన్ అను గట్టి పదార్థమును జీర్ణించుకొనుట వానికి చేతకాదు. అందుచే లేత పనిచెదలు ఆ మేతను మ్రింగి, సగము అరిగియు అరుగకయు వెలువరించి, దానితో గూటి గదులలో దిమ్మెలు కట్టును. ఆ దిమ్మె చూచుటకు పాత తేనెపట్టువలెను, స్పంజివలెను ఉండును; చేతితో నలిపిన పొడియగును. దానిమీద ఒక శిలీంధ్రము అల్లుకొని, గట్టి పదార్థమును మెల్లమెల్లగా మెత్తబరచును. కొన్ని దినములకు దిమ్మెమీద గసగసాలను పోలిన తెల్లని గుండ్రని బుడిపెలు తేలును. చెదలకు అవియే బలమైన ఆహారము. శిలీంధ్రము పనిచేసి ముగించిన పాత దిమ్మెను గూడ అవి తినివేయును. ఒక ప్రక్క తినుచు, మరియొక ప్రక్క కట్టుచు, తోట ఎన్నడును ఎండిపోకుండ కాపాడుకొనును. పుట్టలోపలి వేడి సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును, తడి ఆరదు. వెలుపల వైశాఖపు ఎండ కాయుచున్నను లోపల వ్యవసాయము సాగుచునే యుండును.

మనుష్యుడు దుక్కి దున్ననేర్చి పదివేల యేండ్లకు మించి ఎన్నో యేండ్లు కాలేదు. చెదలు ఈ శిలీంధ్రమును సాగుచేయ మొదలిడి సుమారు మూడుకోట్ల యేండ్లయినదని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ సుదీర్ఘ కాలములో ఒకదానిని విడిచి ఒకటి బ్రతుకలేని స్థితి యేర్పడినది. చెదలు లేనిచోట ఈ శిలీంధ్రము ప్రకృతిలో కానరాదు. అందుచేతనే వరిగడ్డి పుట్టగొడుగువలె దీనిని మన ఇండ్లలో సాగుచేసి అమ్ముట సాధ్యపడలేదు. సంతలో దీని వెల హెచ్చుగా నుండుటకు కారణమిదియే.

చెదపుట్టలలోని శిలీంధ్రమును తొలుత గ్రంథస్థము చేసినవారిలో ఒకడు మన దక్షిణదేశమున పనిచేసినవాడే. జె. జి. కోనిగ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు తంజావూరు సీమలోని చెదలనుగూర్చి 1779లో ప్రకటించిన వ్యాసమున దీనిని పేర్కొనెను. రొజే హైమ్ అను ఫ్రెంచి పండితుడు 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరుపెట్టెను. చెదశిలీంధ్రమని దాని భావము. మన ప్రాంతములలో సాధారణముగా కనబడు తెల్లని రకమును మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన కె. నటరాజన్ 1979లో వర్ణించి, హైమ్ పండితుని గౌరవార్థము దానికి టెర్మిటోమైసిస్ హైమీ అని నామకరణము చేసెను. మన తాతముత్తాతలు తరతరములుగా తినుచున్న వస్తువునకు శాస్త్రమున పేరు దొరకుటకు 1979వ సంవత్సరము రావలసివచ్చెను! ఈ జాతిలో మరికొన్ని రకములు గూడ మన దేశమున నున్నవి. ఆఫ్రికాలోని జాంబియాలో పెరుగు టైటానికస్ అను రకపు గొడుగు ఒక మీటరు అడ్డు పెరుగును. చిన్నపిల్లవాడు దానిక్రింద తల దాచుకొనవచ్చును.

తొలకరి వానలకు సాయంకాలము దీపము చుట్టు ముసురు ఉసిళ్లను చూడనివారుండరు. అవి రెక్కలు వచ్చిన చెదలు. జంటలుగా నేలకు దిగి, రెక్కలు రాల్చుకొని, క్రొత్త గూడు పెట్టును. ఆ గూటిలో పుట్టిన మొదటి పనిచెదలు మేతకై వెలుపలికి వచ్చునాటికి, పాత పుట్టలనుండి పుట్టగొడుగులు లేచి తమ బీజములను వెదజల్లియుండును. పిల్లచెదలు మేతతోగూడ ఆ బీజములను గూటికి చేర్చును. క్రొత్త తోట నాటుకొనును. శిలీంధ్రము నేలపైకి గొడుగెత్తుటలోని ప్రయోజనమిది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు, రెండుమూడు దినములు ముసురు పట్టి వెలిసిన పిదప దీనికొరకు వెదకుటకు కారణమును ఇదియే. గూడు చెదరనంతకాలము పుట్టగొడుగులు ఏటేట ఆ చోటనే లేచుచుండును.

ఇప్పుడు గుర్తులకు వత్తము. అన్నిటిలో ముఖ్యమైనది నేలక్రింద నున్నది. దిమ్మె అడుగున నుండుటచేత పుట్టగొడుగు అక్కడినుండి మట్టిని చీల్చుకొని పైకి రావలెను. కావున దాని కాడ నేలమట్టమున ఆగిపోదు. నేల దగ్గర కొంచెము లావెక్కి, అక్కడినుండి సన్నబడుచు వేరువలె లోతునకు దిగిపోవును. శాస్త్రమున దీనిని మిథ్యామూలమందురు, ఏలయన వేరువలె కనబడునేగాని ఇది వేరు కాదు. గూడు ఎంత లోతుననున్న ఇది అంత పొడవుండును; జానెడు మొదలు మూరెడు వరకును, అంతకు మించియు సాగవచ్చును. పైభాగము తెల్లగను, లోతునకు పోయినకొలది మట్టిరంగు, నలుపు కలిసియు ఉండును. పట్టి లాగినచో ఇది నడుమ తెగిపోవును. లాగి తెచ్చినదానిని చూచి "వేరు లేదు, ఇది పుట్టగొడుగు కాదు" అనుటయు తప్పే. "వేరు తెగియుండును, ఇది పుట్టగొడుగే" అనుట అంతకంటె పెద్ద తప్పు. గుర్తింపవలెనన్న ఒక్కదానినైనను చుట్టును మట్టి తీసి, తుదివరకు చూడవలెను. ఈ పని పుల్లతో చేయవలెనే గాని చేయి పెట్టి చేయరాదు. పుట్ట రంధ్రములలో పాములు, తేళ్లు ఉండును. పెద్దలు వెంట లేనిదే పిల్లలు ఈ పనికి పూనుకొనరాదు. దిమ్మెను త్రవ్వి పైకి తీయుటయు కూడదు. గూడు పాడైనచో మరుసటి యేడు అక్కడ గొడుగు లేవదు.

పుట్ట కంటికి కనబడితీరవలెనను నియమము లేదు. కొన్ని చెదలు నేలపై కట్టడము లేకుండ లోపలనే గూడు పెట్టును. అట్టిచోట చదునైన నేలనుండియే గొడుగులు లేచును. కొత్తవారు ఇక్కడ సందేహపడుదురు. అడుగున వేరు ఉన్నదా లేదా అని చూచిన సందేహము తీరును.

నేలపై భాగమును చూతము. లేతదశలో గొడుగు విచ్చుకొనక, నడుమ మొనతో ఈటెమొనవలె నుండును. మట్టిని పొడిచి రావలసినది గనుక ఆ మొన గట్టిగా నుండును. విచ్చుకొన్న పిదప గూడ నడుమ బొడ్డువంటి గుబ్బ నిలిచియుండి, అక్కడ మాత్రము బూడిదరంగుగాని లేత గోధుమరంగుగాని కనబడును, తక్కినది తెలుపు. పైతోలు నునుపుగా నుండును. తడిసినప్పుడు జిగటగాను, ఆరినప్పుడు పట్టువలెను చేతికి తగులును. ముదిరినకొలది అంచు చీలును. గొడుగు అడుగున రేకులు దగ్గరదగ్గరగా, కాడను తాకకుండ ఉండును. లేతలో తెల్లగా నుండి, ముదిరిన పిదప గులాబి ఛాయ తిరుగును. హైమీ రకమునకు కాడచుట్టు తెల్లని ఉంగరము ఉండును. ఈ జాతిలోని ఇతర రకములలో కొన్నిటికి అది యుండదు. కాడ లోపల బోలుగాక గట్టిగా నుండి, చీల్చినచో నారలు నారలుగా విడును. అడుగున సంచి ఉండదు. ఈ మాటను మరువరాదు.

చిన్న గొడుగుల రకమొకటి కలదు. టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అని దాని పేరు. చెదలు పాత దిమ్మెల ముక్కలను వెలుపల పారవేయగా, వానినుండి ఒక్క రాత్రిలో వందలకొలది అంగుళము అడ్డైన లేని గొడుగులు తెల్లని చాప పరచినట్లు లేచును. దిమ్మె నేలపైననే యుండుటచే దీనికి పొడుగు వేరు ఉండదు. ఇట్లు మనము చెప్పిన మొదటి గుర్తునకే ఇది మినహాయింపు. చిన్న తెల్లని గొడుగులలో ప్రాణాంతకమైన విషజాతులు గూడ నున్నవి గనుక, ఈ చిన్న రకమును క్రొత్తవారు ముట్టకుండుటయే మేలని నా యభిప్రాయము. వేరు చూచి నిర్ణయించుటకు వీలులేనిచోట ఊహకు తావీయరాదు.

ఇక దీనిని పోలి మోసగించు వానిని చెప్పెదను. మొదటిది పచ్చికబయళ్లలోను, పశువులు మేయు చోట్లను, పాఠశాల ఆటస్థలములలోను వానకు లేచు పెద్ద తెల్లని గొడుగు. దీని శాస్త్రనామము క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. దీనికిని ఉంగరము కలదు, రేకులు కాడను తాకవు, కండ తెల్లన. ఒక గొడుగు జానెడు అడ్డువరకు పెరుగును. ఒక్కటి తెచ్చిన ఇంటికంతకును కూర యగునని ఆశ పుట్టించును. భేదములు ఇవి: గొడుగుమీద గోధుమరంగు పొలుసులు చెల్లాచెదరుగా నుండును, రేకులు ముదిరినకొలది గులాబి కాక పసరురంగు తిరుగును, కాడ నేలలోనే ముగియును, పొడుగు వేరు లేదు. లేతదశలో మాత్రము రేకులు తెల్లగానే యుండుటచేత రంగును చూచి చెప్పలేము. దీనిని తినిన ఒకటి మొదలు మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు పట్టును. ఆరోగ్యవంతులు చికిత్సతో సాధారణముగా కోలుకొందురు. పసిపిల్లలకు, వృద్ధులకు ఒంటిలోని నీరు పోయి ప్రాణభయము కలుగవచ్చును.

రెండవది అమనిటా జాతి. ఇది చెట్లవేళ్లతో పొత్తు కలిపి బ్రతుకునది. కావున అడవులలో చెట్లక్రింద లేచును. ఈ జాతిలో తినదగినవియు కలవు, చంపునవియు కలవు. కాడ అడుగున సంచివంటి తొడుగుగాని, ఉబ్బిన గడ్డగాని ఉండును. ఆ సంచి మట్టిలో కప్పబడియుండును. గొడుగును పైపైన కోసి తెచ్చినచో అది అడవిలోనే ఉండిపోవును, దానితో ముఖ్యమైన గుర్తును ఉండిపోవును. సంచి ఉన్నదెల్ల విషమని చెప్పుటకును వీలులేదు. పైన చెప్పిన పాళ ఛతునకు గూడ సంచి కలదు; అది రోజూ అంగళ్లలో అమ్ముడగుచున్నది. అయితే పాళ ఛతు గడ్డిమోపుమీద పుట్టినదని అమ్మువాడెరుగును. అడవిలో సంచితో దొరకినదానికి అట్టి సాక్షి లేడు.

రంగులను నిర్ణయించుటకు విద్యార్థులు సులభముగా చేయదగిన ప్రయోగమొకటి కలదు. బాగుగా విచ్చుకొన్న గొడుగును కాడనుండి వేరుచేసి, సగము తెల్లగను సగము నల్లగను ఉన్న కాగితముమీద రేకులు క్రిందికి వచ్చునట్లు బోర్లించి, పైన గిన్నె మూసి, రాత్రియంతయు కదపక ఉంచవలెను. తెల్లవారుసరికి రాలిన సిద్ధబీజములు ముగ్గుపిండితో వేసినట్లు రేకుల రూపమును కాగితముమీద దించియుండును. దీనిని బీజముద్ర యనవచ్చును. అసలు పుట్టగొడుగునకు ఇది లేత గులాబి రంగు, అమనిటాకు తెలుపు, పచ్చికలోని పెద్ద గొడుగునకు పసరు. గులాబిముద్ర వచ్చినంతమాత్రమున నిశ్చింత పడరాదు, ఏలయన ఎంటొలోమా అను జాతిలోని విషపు రకములకు గూడ గులాబి ముద్రయే; పాళ ఛతుది గూడ అదియే. ముద్ర పసరుగా గాని తెల్లగా గాని వచ్చినచో మాత్రము అది పుట్టగొడుగు కాదని నిస్సంశయముగా చెప్పవచ్చును. కాదని చెప్పుటకు ఒక్క గుర్తు చాలును. అవునని చెప్పుటకు వేరు, సంచి లేమి, రేకులు, నడిమి గుబ్బ, ముద్ర అన్నియు కుదురవలెను. ప్రయోగము ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ గొడుగును వంటయింటికి పోనీయరాదు.

మన ఇండ్లలో పెద్దలు చెప్పు కొన్ని పరీక్షలను ఇక్కడ ఖండింపక తప్పదు. వండునప్పుడు వెండినాణెము వేసిన నల్లబడునందురు. వెల్లుల్లిగాని బియ్యముగాని వేసిన రంగు మారునందురు. పురుగు తినినది మనుష్యుడును తినవచ్చునందురు. తోలు సులభముగా ఊడివచ్చిన మంచిదందురు. చింతపండుతో ఉడికించిన విషము విరుగునందురు. వీనిలో ఒక్కటియు నిజము కాదు. అమనిటా విషము వెండిని నల్లబరచదు. నత్తలు, పురుగులు ఆ గొడుగులను సుఖముగా తినును. ఎంత ఉడికించినను, ఎండబెట్టినను ఆ విషము పోదు. పెద్దలయందు గౌరవము లేక ఇట్లు వ్రాయుటలేదు. అదే అవ్వ ఫలాని పుట్టచెంతకు తీసికొనిపోయి, మట్టి తీసి వేరు చూపినచో, ఆమె చెప్పినది శాస్త్రము చెప్పినదానికి తీసిపోదు. వంటపాత్రలో నాణెము వేయు పరీక్ష ఆమెకు ఎవరో చెప్పిన మాట. పుట్టయొద్దది ఆమె కంటితో చూచి నేర్చిన విద్య. ఈ రెంటిని కలిపివేయరాదు. ఈ వ్యాసమును చదివిన బలముతోనే అడవిలో దొరకినదానిని వండుకొనుటయు కూడదు. ఆ చోటును, ఆ రకమును ఏండ్లతరబడి ఎరిగినవారు ప్రక్కనుండి చూపినదే తినదగినది.

అమనిటా విషము పనిచేయు తీరు తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసినది. తినిన వెంటనే ఏమియు తెలియదు, రుచియు బాగుండునట. ఆరు మొదలు ఇరువదినాలుగు గంటలు గడచిన తరువాత కడుపునొప్పి, వాంతులు, విరేచనములు మొదలగును. అప్పటికి రాత్రి భోజనము సంగతి మరచి, మరి దేనివలననో వచ్చినదని తలంతురు. ఒకటి రెండు దినములలో అవి తగ్గి, రోగి లేచి కూర్చుండును. ఇంటివారు గండము గడచినదని సంతసింతురు. లోపల మాత్రము కాలేయము పాడగుచునే యుండును. ఆ విషము కణములోని ఒక ముఖ్యమైన ఎంజైమును స్తంభింపజేయును. కణము తనకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసికొనలేక నశించును. మూడవ దినము మొదలు కన్నులు పచ్చబడుట, మతి తప్పుట, రక్తము కారుట కనబడవచ్చును. ఆ దశకు చేరిన కొందరికి క్రొత్త కాలేయమును అమర్చుట తప్ప మార్గాంతరము లేదు. ఆరు గంటలలోపల వాంతి మొదలైనను ఈ విషము లేదని నమ్మరాదు. ఒక్క గంపలో రెండు రకములు కలిసియుండవచ్చును.

కావున అడవి గొడుగులు తినినవారికి వాంతులు మొదలైనచో, తగ్గునేమో చూతమని ఇంటిలో నుంచక, వెంటనే 108 బండిని పిలిపించి పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపరాదు, పసరులు పోయరాదు. అదే కూరను తినిన తక్కినవారు ఆరోగ్యముగా కనబడుచున్నను వారినిగూడ వెంట తీసికొనిపోవలెను. వండక మిగిలిన గొడుగులుగాని, చెత్తలో పారవేసిన కాడల తునకలుగాని, కూరయే మిగిలిన కూరగాని కొంచెమైనను వెంట నుండవలెను. ప్లాస్టిక్ సంచిలో పెట్టిన పచ్చి గొడుగు చెమ్మగిల్లి కొన్నిగంటలలోనే కుళ్లిపోవును, కాగితములో చుట్టవలెను. ఆ కాగితముమీద ఎన్ని గంటలకు తినిరో, ఎన్ని గంటలకు వాంతులు మొదలైనవో, ఎచ్చట ఏ చెట్టుక్రింద కోసిరో వ్రాయవలెను. ఇంటిలో తెలుగు తప్ప మరియొక భాష రానివారు రోగివెంట పోవుచున్నచో, పాఠశాలకు పోవు పిల్లవాడు ఆ సంగతులను అక్కడి రాష్ట్రభాషలోగాని ఇంగ్లీషులోగాని వ్రాసి వారి చేతికి ఈయవలెను. గొడుగునకు ఛతు అనియు, కాళాన్ అనియు పేరు వ్రాసినంతమాత్రమున వైద్యునికి ఏమియు తెలియదు; గంటలను సరిగా వ్రాసి, కాడ తునకను జాగ్రత్తగా చుట్టి పంపినచో చికిత్స ఎక్కడ మొదలుపెట్టవలెనో ఆయనకు తెలియును.